అహ్మదాబాద్ రాతి జాలీ: చెట్టు అందరికీ తెలుసు, చెక్కించిన హబ్షీ పేరే తెలియదు

క్యాట్ పరీక్షకు చదివే పిల్లలున్న ఇంట్లో ఆ గుర్తు ఎప్పుడో ఒకసారి కంటపడే ఉంటుంది. ఐఐఎం అహ్మదాబాద్ లోగో అది. అర్ధచంద్రంలాంటి కమాను, దాని లోపల కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకున్న చెట్టు. కోచింగ్ సెంటర్ల గోడల మీద, ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉంటాం. అయితే ఆ బొమ్మ ఒక మస్జిద్ కిటికీ నుంచి తీసుకున్నదని ఎంతమందికి తెలుసు? ఆ మస్జిద్ కట్టించింది ఆఫ్రికా మూలాలున్న ఒక హబ్షీ అని ఇంకెంతమందికి తెలుసు?

2017 సెప్టెంబర్‌లో జపాన్ ప్రధాని షింజో అబే అహ్మదాబాద్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి చూపించింది ఈ మస్జిద్‌నే. అంతకు రెండు నెలల ముందే అహ్మదాబాద్ పాత నగరానికి యునెస్కో ప్రపంచ వారసత్వ నగరం హోదా వచ్చింది. మన దేశంలో ఆ హోదా దక్కిన మొదటి నగరం అదే. గుజరాత్ పర్యాటక పుస్తకాల్లో, బజారులో అమ్మే బహుమతి వస్తువుల మీద ఈ చెట్టు ఉంటుంది. చెట్టుకు వచ్చినంత పేరు మస్జిద్‌కు రాలేదు. మస్జిద్‌కు వచ్చినంత పేరు కట్టించిన మనిషికి రాలేదు.

ఆ మనిషి సీదీ సయీద్. ముందు ఆ పేరు సంగతి తేల్చుకుందాం. ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాయడం వల్ల చాలామంది 'సీదీ సయ్యద్' అని చదివేస్తారు. సయ్యద్ అంటే ప్రవక్త (స) వంశీకులు అన్న అర్థం వస్తుంది కాబట్టి, 'ఓహో, సయ్యదుల మస్జిద్' అనుకునే వాళ్లూ ఉన్నారు. ఉర్దూ చదవడం వచ్చిన ఇంట్లో ఈ తేడా చిటికెలో చెప్పేస్తారు. సయీద్‌లో ఐన్ అక్షరం ఉంటుంది, సయ్యద్‌లో ఉండదు. సయీద్ అంటే అదృష్టవంతుడు. ఇక 'సీదీ' అన్నది ఆఫ్రికా నుంచి వచ్చిన వాళ్లకు మన దేశంలో స్థిరపడిన పిలుపు. 'నా దొర' అనే అర్థంలో అరబ్బీలో వాడే 'సయ్యిదీ' నుంచి అది పుట్టిందని చెబుతారు. హబ్షీ అన్నా వాళ్లే. హబ్షా దేశం అంటే నేటి ఇథియోపియా ప్రాంతం. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు హిజ్రత్ చేసి వెళ్లింది ఆ దేశానికే, వాళ్లకు నీడనిచ్చింది ఆ దేశపు రాజు నజాషీయే. హజ్రత్ బిలాల్ (రజి) కూడా హబ్షీయే అని పిల్లలకు మక్తబ్‌లోనే చెబుతారు.

కిటికీ ఎక్కడుంది, ఎలా ఉంది

అహ్మదాబాద్ లాల్ దర్వాజా ప్రాంతంలో, సబర్మతి మీది నెహ్రూ బ్రిడ్జి దిగి పాత నగరం వైపు వస్తుంటే, బస్సులు, ఆటోల మధ్య ఈ చిన్న మస్జిద్ కనిపిస్తుంది. ఒకప్పుడు ఇది భద్ర కోట మూల. కోట గోడ పోయింది, మస్జిద్ మిగిలింది. మక్కా మస్జిద్ చూసిన కళ్లతో వెళితే 'ఇంతేనా!' అనిపిస్తుంది కూడా. ముందు వైపు ఐదు కమానులు, లోపల ఎనిమిది స్తంభాలు, వాటి మధ్య పదిహేను గదుల్లాంటి అరలు, అంతే. పెద్ద గుమ్మటం లేదు, ఆకాశాన్నంటే మినార్లు లేవు. మొత్తం పసుపు ఛాయ ఉన్న ఇసుకరాయి.

దగ్గరికి వెళ్లి తల పైకెత్తితే అసలు సంగతి తెలుస్తుంది. కమానుల పై భాగాల్లో అర్ధచంద్రాకారపు కిటికీలు ఉన్నాయి. ఖిబ్లా వైపు, అంటే పడమటి గోడకు ఐదు కమానులు. ఉత్తరం, దక్షిణం వైపుల మూడేసి. మొత్తం 11 చోట్ల కిటికీ ఉండాలి. ఉన్నవి 10. పడమటి గోడలో సరిగ్గా మధ్యలో, మిహ్రాబ్ పైన ఉండాల్సిన చోట నున్నటి రాయి పెట్టి మూసేసి ఉంది. దీని సంగతి తర్వాత.

10 కిటికీల్లో ఎనిమిది చతురస్రపు పలకలతో నిండి ఉంటాయి. ఒక్కో పలకలో ఒక్కో రకం డిజైన్: నక్షత్రాలు, షట్కోణాలు, పూలు. గణితం తెలిసిన మనిషి చూస్తే గంటసేపు కదలడు. ఆ మూసిన రాయికి అటూ ఇటూ ఉన్న రెండే చెట్ల కిటికీలు. ఒకదానిలో ఒకే చెట్టు కాండం కింది నుంచి లేచి, మెలికలు తిరుగుతూ కిటికీ అంతా పరుచుకుంటుంది. దానితో పెనవేసుకుని ఖర్జూరం లాంటి తాటి జాతి చెట్టు ఉంటుంది. రెండో కిటికీలో చెట్లు వరసగా నిలబడి ఉంటాయి. లోగోకెక్కిందీ, బహుమతి వస్తువుల మీదికెక్కిందీ మొదటిదే. నిజానికి రెండోది కూడా ఏం తీసిపోదు, కాకపోతే పక్కన మొదటిది ఉండటం దాని దురదృష్టం.

మొదటి చెట్టును కొంచెంసేపు చూస్తే ఒక విషయం గమనానికి వస్తుంది. ఎడమ, కుడి అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉండవు. కొమ్మ ఒకవైపు వంగితే ఇంకోవైపు వేరేగా సర్దుకుంటుంది. మిగతా కిటికీల్లో స్కేలు, వృత్తలేఖిని పెట్టి గీసిన లెక్క కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం చెట్టు పెరిగే తీరు కనిపిస్తుంది. అయినా ఖాళీ ఎక్కడా ఎక్కువ తక్కువ కాలేదు. ఆకు, ఆకు మధ్య సందు దాదాపు ఒకే కొలత. రాతి పనివాడికి అది అందం కోసం మాత్రమే కాదు. సందులు ఒకచోట పెద్దవై, ఇంకోచోట రాయి బరువు ఎక్కువైతే పలక విరుగుతుంది.

ఇంత పల్చటి రాయి ఎలా నిలబడింది?

చూసినవాళ్లందరికీ వచ్చే సందేహం ఇది. నాలుగున్నర శతాబ్దాలుగా, చేతి వేలంత కొమ్మలు పైకప్పు బరువును ఎలా మోస్తున్నాయి? జవాబు సులువు. అవి మోయడం లేదు. బరువంతా మోసేది చుట్టూ ఉన్న కమాను. పైనుంచి వచ్చే భారాన్ని అది రెండు పక్కలకు నెట్టి స్తంభాలకు, గోడలకు అప్పగిస్తుంది. కమాను కింద మిగిలే ఖాళీని ఇటుకతో నింపినా ఒకటే, తెరిచి వదిలేసినా ఒకటే. ఆ ఖాళీలో రాతి తెర నిలబెట్టారు. తన బరువు తాను మోసుకుంటే చాలు.

ఈ మస్జిద్‌లో ఆ స్వేచ్ఛ ఎక్కువగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. అహ్మదాబాద్‌లో అంతకుముందు కట్టిన మస్జిద్‌లలో, ఉదాహరణకు 1424 నాటి జామా మస్జిద్‌లో, లోపలంతా స్తంభాలు, వాటిపై దూలాలు. గుజరాత్ గుడుల కట్టడపు పద్ధతి అది. సీదీ సయీద్ మస్జిద్ మాత్రం దాదాపు అంతా కమానుల మీదే కట్టారు. ప్రతి కమాను కిందా ఒక అర్ధచంద్రపు ఖాళీ దొరికింది. చెక్కేవాడికి అదే కాగితం అయింది.

'ఒకే రాతిని తొలిచి చేశారు' అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది సరి కాదు. పలకలు పలకలుగా చెక్కి, పక్కపక్కన పేర్చి అతికించినది. ఇది తెలిస్తే పని విలువ తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే ఒక పలకలో మొదలైన కొమ్మ పక్క పలకలోకి దాటాలి, అక్కడ అదే మందంతో, అదే వంపుతో కొనసాగాలి. అతుకు ఎక్కడుందో కళ్లు చికిలించి వెతికితే గానీ దొరకదు. ముందు మొత్తం చిత్రాన్ని అసలు కొలతలో గీసుకుని, దాన్ని ముక్కలుగా పంచుకుంటే తప్ప ఇది సాధ్యం కాదు.

వ్యాపార లెక్కలో చూసినా పలకల పద్ధతే తెలివైనది. జాలీ పనిలో నష్టం ఎప్పుడూ చివర్లోనే వస్తుంది. మొదట బరమాతో చిల్లులు పెడతారు. తర్వాత సన్న ఉలితో చిల్లుల మధ్య రాయిని కొంచెం కొంచెం తీస్తారు. పని ముందుకు సాగే కొద్దీ రాయి పల్చబడుతుంది, పెట్టిన కూలీ పెరుగుతుంది. అంటే వస్తువు ఎంత ఖరీదైనదవుతుందో, అంత సులువుగా పగిలే స్థితికి వస్తుంది. కిటికీ అంతా ఒకే రాయి అయితే, ఆఖరి వారంలో ఒక సుత్తి దెబ్బ తప్పితే నెలల కష్టం మట్టిపాలు. పలకలుగా చేస్తే పోయేది ఒక్క పలకే. రిస్క్‌ను ముక్కలు చేసుకోవడం అంటే ఇదే. పాఠ్యపుస్తకంలో చదవకుండానే సంగ్‌తరాష్‌లకు ఇది తెలుసు.

మన దగ్గర ఇలాంటి జాలీ ఎందుకు లేదని అడిగేవాళ్లుంటారు. రాయి తేడా. ఇసుకరాయి రేణువులు పేరుకుని ఏర్పడినది, ఉలికి లొంగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల దొరికేది గ్రానైట్. మక్కా మస్జిద్ కమానులు ఆ రాయితోనే లేచాయి. బలం కావాలంటే దాన్ని మించింది లేదు, కానీ దారప్పోగులాంటి కొమ్మను అందులో తీయాలంటే ఉలులే అరిగిపోతాయి. అందుకే మన పనివాళ్లు గచ్చు మీద పడ్డారు. చార్మినార్ మీద, కుతుబ్‌షాహీ సమాధుల మీద కనిపించే పూలు, లతలు ఎక్కువగా సున్నం గచ్చుతో తీర్చినవే. ఇక సంతోష్‌నగర్ దగ్గరి పాయిగా సమాధుల్లో జాలీ పని చూడని వాళ్లు అహ్మదాబాద్ దాకా వెళ్లేముందు అది చూడాలి. ఒక్కో తెరలో ఒక్కో డిజైన్. ఇరుకు గల్లీలో ఉండటంతో ఊళ్లో వాళ్లకే తెలియదు. చాలా భాగం దెబ్బతిన్నాక 2023లో అమెరికా రాయబారుల నిధి నుంచి ఆరు సమాధుల మరమ్మతుకు 2,50,000 డాలర్లు ప్రకటించారు. మన ఊరి జాలీకి డబ్బు అక్కడి నుంచి రావాల్సి వచ్చిందన్నది వేరే చర్చ.

మస్జిద్‌లో చెట్టు ఎందుకు

మనిషి, జంతువు బొమ్మలు మస్జిద్‌లో ఉండకూడదన్నది అందరికీ తెలిసిందే. మరి చెట్టు? దీనికి హదీసుల్లోనే సమాధానం దొరుకుతుంది. బొమ్మలు గీసి బతికే ఒక మనిషి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వచ్చి తన సంగతి అడిగితే, తప్పదనుకుంటే చెట్లను, ప్రాణం లేని వాటిని గీసుకో అన్నారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఖుర్ఆన్‌లో సూరె ఇబ్రాహీంలో మంచి మాటను, వేళ్లు గట్టిగా నాటుకుని కొమ్మలు ఆకాశంలో ఉన్న మంచి చెట్టుతో పోల్చడం కూడా చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కాబట్టి చెట్టు మస్జిద్‌లోకి దొంగచాటుగా వచ్చింది కాదు, తలుపు తెరిచే ఉంది.

గుజరాత్‌లో ఆ తలుపు ఎలా వాడుకున్నారన్నది ఆసక్తి కలిగించే విషయం. అక్కడి రాతి పనివాళ్లు తరతరాలుగా గుడులు, జైన మందిరాలు చెక్కినవాళ్లు. గుడి గోడలో గూడు ఉంటే అందులో విగ్రహం ఉంటుంది. సుల్తానులు మస్జిద్‌ల పని ఇచ్చినప్పుడు మినార్ల అడుగు భాగాల్లో అవే గూళ్లు చెక్కారు. విగ్రహం పెట్టడానికి లేదు. ఖాళీగా వదలడానికి మనసొప్పలేదు. అందులో లతను, చెట్టును, వేలాడే దీపాన్ని చెక్కారు. మీర్జాపూర్‌లోని రాణీ రూపమతి మస్జిద్, 1514 నాటి రాణీ సిప్రీ మస్జిద్ మినార్ల గూళ్లు చూస్తే, సీదీ సయీద్ చెట్టుకు అక్కలు, అన్నలు అక్కడ కనిపిస్తారు. గూటిలో చిన్నగా మొదలైన ఆ మొక్కే ఇక్కడ కిటికీ అంత మానైంది.

అందుకే దీన్ని 'కల్పవృక్షం' అనేవాళ్లతో గానీ, 'జీవన వృక్షం' అనేవాళ్లతో గానీ పోట్లాడాల్సిన పని లేదు. చెక్కిన చెయ్యి ఎక్కడ నేర్చుకుందో, చెక్కించిన మనిషి ఏ నమ్మకంతో చెక్కించాడో రెండూ ఆ రాతిలోనే ఉన్నాయి. అయితే ఒకటి చెప్పి రెండోది దాస్తేనే పేచీ.

కట్టించిన మనిషి

మస్జిద్ గోడకు ఒక పాలరాతి శాసనం ఉంది. దాని ప్రకారం కట్టిన ఏడాది హిజ్రీ 980. మన లెక్కలో 1572 మే నుంచి 1573 మే దాకా. 'అహ్మద్ షా బానిస ఒకడు కట్టించాడు' అని కొందరు చెబుతుంటారు. నగరాన్ని 1411లో స్థాపించిన అహ్మద్ షా 1442లోనే చనిపోయారు. శాసనానికి, ఆయన మరణానికి మధ్య 130 ఏళ్లు. ఆ మాట అక్కడితో చెల్లదు.

సీదీ సయీద్ యెమెన్ మీదుగా గుజరాత్ చేరారు. సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో కొలువులో ఉన్నారు. ఆ తర్వాత చివరి సుల్తాన్ మూడో ముజఫ్ఫర్ షా కాలంలో బిలాల్ ఝుఝార్ ఖాన్ అనే సేనాని పరివారంలో చేరారు. ఆ సేనాని కూడా హబ్షీయే. సీదీ సయీద్ పేదలకు చేసే సాయానికి, కూడబెట్టిన పుస్తకాలకు పేరుపడ్డారు. సైనికుడి కొలువులో ఉంటూ పుస్తకాలు పోగేసిన మనిషి, ఉన్న డబ్బుతో కోట మూలన చిన్న మస్జిద్ కట్టించుకున్నారు. సుల్తానులు, రాణులు కట్టించినవి ఊళ్లో పెద్దపెద్దవి ఉన్నాయి. కానీ ఈ రోజు నగరానికి గుర్తుగా నిలిచింది ఈయన కట్టించిన చిన్నదే.

అహ్మదాబాద్‌లో ఇది ఒక్కటే అనుకోవద్దు. ఊగే మినార్లకు పేరుపడ్డ సీదీ బషీర్ మస్జిద్ కూడా ఒక సీదీ పేరు మీదే ఉంది. దక్కన్‌కు వస్తే, మొఘల్ సైన్యాలను ఏళ్ల తరబడి నిలువరించిన అహ్మద్‌నగర్ వజీరు మలిక్ అంబర్ హబ్షీ. హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ అని పిలుచుకునే బస్తీ పేరును విప్పితే 'ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్' అని వస్తుంది. వనపర్తి రాజా దగ్గరున్న ఆఫ్రికన్ గుర్రపు దళం నిజాం కొలువులోకి వచ్చి అక్కడ స్థిరపడింది. సిద్దియంబర్ బజార్ మీదుగా బేగంబజార్‌కు సామాన్లకు వెళ్లేవాళ్లు రోజూ ఆ పేరు పలుకుతూనే ఉన్నారు. పెళ్లి బారాత్‌లో మర్ఫా మోగుతుంటే కాళ్లు ఆగవు కదా, ఆ దరువు హబ్షీలు, యెమెన్ అరబ్బులు తెచ్చిందే. వాళ్ల వాటా మన ఇళ్లలో ఇంత ఉన్నా, 'హబ్షీ' అనే మాటను రంగు నల్లగా ఉన్న పిల్లాణ్ని ఏడిపించడానికి వాడే అలవాటు మాత్రం కొన్ని ఇళ్లలో ఇంకా పోలేదు.

మూసిన రాయి, మూతపడ్డ మస్జిద్

ఇప్పుడు ఆ మధ్య కిటికీ సంగతి. శాసనంలో ఉన్న హిజ్రీ 980లోనే, అంటే 1572 నవంబర్‌లో, అక్బర్ సైన్యంతో అహ్మదాబాద్‌లో అడుగుపెట్టారు. గుజరాత్ సుల్తానుల పాలన ముగిసింది. కొలువులు తలకిందులయ్యాయి. చెక్కించే దొర చేతిలో రేపటికి డబ్బుంటుందో లేదో తెలియని రోజులవి. పని అర్ధంతరంగా ఆగిందని, మధ్య కిటికీకి జాలీ చెక్కేలోపు రాయి పెట్టి మూసేశారని చరిత్రకారులు ఎక్కువగా చెప్పే వివరణ. తేదీలు చూస్తే నమ్మదగ్గదిగానే ఉంది.

మరాఠాల పాలనలో మస్జిద్ వాడకం తప్పింది. ఆ తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు వచ్చారు. వాళ్ల కాలంలో ఇది ప్రభుత్వ కచేరీ అయింది. లోపలి రాతికి తెల్ల సున్నం కొట్టారు. నమాజ్ వరసలు నిలబడే చోట బల్లలు, దస్తావేజులు వచ్చాయి. చెట్టు కిటికీల వెలుగులో భూమి శిస్తు లెక్కలు చూసుకున్నారు. విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లోనే ఇంగ్లిష్ పండితులు ఈ కిటికీలను ప్రపంచంలోకెల్లా గొప్ప పని అని పుస్తకాల్లో పొగిడారు. 1881లో అమెరికన్ డిజైనర్ లాక్‌వుడ్ డి ఫారెస్ట్, అహ్మదాబాద్ వ్యాపారి మగన్‌భాయి హఠీసింగ్ కలిసి చెక్క నగిషీ కార్ఖానా పెట్టి, ఈ ఊరి జాలీల నమూనాలను అమెరికా శ్రీమంతుల ఇళ్ల దాకా పంపారు. కిటికీకి విదేశాల్లో గిరాకీ పెరుగుతోంది, మస్జిద్ మాత్రం కచేరీగానే ఉంది!

వైస్రాయ్ లార్డ్ కర్జన్ వచ్చి చూశాక గానీ ఆ కచేరీ ఖాళీ కాలేదు. దేశంలో పాత కట్టడాలను ఇలా ఆఫీసులుగా, గోదాములుగా వాడటం ఆయన కంట్లో పడ్డ వాటిలో ఇదొకటి. 1904లో ఆయన హయాంలోనే ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది.

స్వతంత్ర భారతదేశంలో దాని స్థానంలో 1958 చట్టం వచ్చింది. అందులో 16వ సెక్షన్ ఒకటి మన పాఠకులు గుర్తుపెట్టుకోవాల్సినది. కేంద్రం సంరక్షణలో ఉన్న కట్టడం ప్రార్థనాస్థలం అయితే, దాన్ని ఆ స్వభావానికి విరుద్ధమైన ఏ పనికీ వాడకూడదని అది చెబుతుంది. సీదీ సయీద్ మస్జిద్ ఇప్పుడు భారత పురావస్తు సర్వే రక్షణలో ఉన్న జాతీయ ప్రాధాన్య కట్టడం. నమాజ్ జరుగుతున్న మస్జిద్ కూడా.

ఈ రెండు గుర్తింపులు పక్కపక్కన ఎలా బతకాలన్నది 2025లో మళ్లీ ముందుకొచ్చింది. వక్ఫ్ సవరణ చట్టంలో 3డి అనే సెక్షన్ చేర్చారు. వక్ఫ్‌గా ప్రకటించే నాటికే రక్షిత కట్టడంగా ఉన్న ఆస్తి విషయంలో ఆ వక్ఫ్ ప్రకటన చెల్లదని దాని సారాంశం. దేశమంతటా పాత మస్జిద్‌లు, దర్గాలు ఎన్నో పురావస్తు శాఖ జాబితాలో ఉన్నాయి కాబట్టి చాలామందికి భయం పట్టుకుంది: 'రేపు నమాజ్ ఆపేస్తారా?' 2025 సెప్టెంబర్ 15న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌పై స్టే ఇవ్వలేదు. అదే సమయంలో, 1958 చట్టంలోని 5(6) ప్రకారం రక్షిత కట్టడాల్లో ఆనవాయితీగా సాగుతున్న మతాచారాలకు అడ్డు లేదన్న విషయాన్ని ఎత్తిచూపింది. అంటే యాజమాన్యం ఎవరిది అన్న ప్రశ్న వేరు, నమాజ్ ప్రశ్న వేరు. వాట్సాప్‌లో ఈ రెండింటినీ కలిపేసి తిప్పే మెసేజ్‌లు వస్తే, ఫార్వర్డ్ చేసేముందు ఆగి చూడటం మంచిది. కానీ ఆనవాయితీ ఉంది అని చూపించాలంటే అక్కడ నమాజ్ నడుస్తూ ఉండాలి, దానికి కాగితాలు ఉండాలి. మన జిల్లాల్లోని పాత మస్జిద్‌ల కమిటీలు ఆలోచించుకోవాల్సింది ఇక్కడే. పాత ఫోటోలు, కరెంటు బిల్లులు, ఇమాంల జీతాల రసీదులు చెదలు పట్టకుండా దాచుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది, అవసరమైన రోజు అవే సాక్ష్యం.

రాయికి ఉన్న గండం వేరే ఉంది. మస్జిద్ చుట్టూ రోజంతా వాహనాలే. ఇసుకరాయి గ్రానైట్‌లా మొండిది కాదు, తడి పీల్చుకుంటుంది. పొగ, దుమ్ము సందుల్లో పేరుకుంటాయి, తేమతో కలిసి పైపొరను తినేస్తాయి. లావు గోడలో అంగుళం పోయినా తెలియదు, వేలంత కొమ్మలో అంత పోతే కొమ్మే ఉండదు.

లోగో సంగతితో మొదలైంది కాబట్టి అదీ చెప్పాలి. 2022లో ఐఐఎం లోగో మార్చాలన్న ప్రతిపాదన బయటికొచ్చినప్పుడు అభ్యంతరం చెప్పింది బయటివాళ్లు కాదు, అక్కడి అధ్యాపకులే పలువురు. 1961లో మొదలైన సంస్థకు ఆ జాలీ తమ గుర్తింపులో భాగమైపోయింది.

చూడటానికి వెళ్లేవాళ్లకు ఒక మాట. మన దేశంలో ఖిబ్లా పడమర కాబట్టి చెట్ల కిటికీలున్నది పడమటి గోడకు. పొద్దున వెళితే లోపలి నుంచి చెట్టు అంతగా తేలదు. అస్ర్ తర్వాత సూర్యుడు ఆ గోడ వెనక్కి దిగుతాడు, అప్పుడు కొమ్మలు నల్లగా, సందులు వెలుగుగా విడిపోయి కనిపిస్తాయి. చీకటి పడ్డాక లోపల దీపాలు వేస్తే రోడ్డు మీది నుంచి అదే చెట్టు తిరగబడి, వెలుగు బయటికి వస్తూ కనిపిస్తుంది. జమాత్‌లో మొదటి వరసలో నిలబడ్డవాళ్లకు అటూ ఇటూ చెట్లు ఉంటాయి. ఇమాం నిలబడే చోటికి పైన మాత్రం ఆ నున్నటి రాయే.